జవాబుదారీతనం: ‘పట్ల’నా, ‘కు’నా?

(మాట్లాడేవాళ్లను వాళ్ల పేటల పేర్లతో పిలుస్తున్నాం.)

ప్రశ్న (అంబర్‌పేట): కాలనీ సంఘం కరపత్రంలో “అధికారులు, మీడియా ప్రజల పట్ల జవాబుదారీతనం వహించాలి” అని రాశాం. చదువుతుంటే పంటికింద రాయిలా తగులుతోంది. ‘బాధ్యత’ అంటే సరిపోదా?

నల్లకుంట: తగిలేది ‘పట్ల’, ‘వహించాలి’ దగ్గర. బాధ్యత వహిస్తాం, జవాబు చెప్తాం. జవాబు ఎప్పుడూ ఒకరికి చెప్పేదే కాబట్టి ‘కు’ రావాలి: ప్రజలకు జవాబుదారీ. జవాబు అరబ్బీ, ‘దార్’ పారశీకం, ‘తనం’ మనది. బాకీదారు, కౌలుదారు లాగే జవాబుదారు అంటే మనిషి. “దీనికి జవాబుదారీ ఎవరు?” లాంటి శీర్షికల్లో ‘జవాబుదారు’ ఉండాలి.

మలక్‌పేట: అన్నా, జమీందారీ అన్నట్టే జవాబుదారీ అంటేనే భావం వచ్చేసింది కదా, మళ్లీ ‘తనం’ ఎందుకు?

నల్లకుంట: వ్యాకరణం లెక్కన అదనమే. కానీ జనం నోట స్థిరపడింది, దాన్ని తీసేయమనను. నా పట్టు ‘కు’ మీదే. ఎవరికి అన్నది రాయకపోతే ఆ మాటకు పస లేదు.

బర్కత్‌పుర: రెండు మాటలూ ఒకటి కాదు. బాధ్యత మనసులో ఉన్నా చాలు. జవాబుదారీ ఉండాలంటే అడిగేవాడు, గడువు, తప్పితే పర్యవసానం, మూడూ కావాలి. సమాచార హక్కు చట్టం, 2005 చూడండి. దరఖాస్తు పెట్టిన 30 రోజుల్లో పౌర సమాచార అధికారి జవాబివ్వాలి. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలే. ఇవ్వకపోతే 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 జరిమానా ఆ అధికారి మీదే పడుతుంది. మొదటి అప్పీలు వినే అధికారికి మాత్రం ఈ జరిమానా లేదు. చాలా దరఖాస్తులు అక్కడే మూలుగుతాయి. చట్టంలో జవాబుదారీ తెగిపోయిన చోటు అదే.

ఇంకో మాట. దరఖాస్తులో “రోడ్డు ఎందుకు వేయలేదు?” అని రాయకండి. ఫైల్లో ఉన్నది ఇవ్వడమే వాళ్ల పని, కారణాలు కల్పించి చెప్పడం కాదు. “ఫలానా రోడ్డు అంచనా, పని ఉత్తర్వు, కొలతల పుస్తకం నకళ్లు ఇవ్వండి” అని రాయండి.

మలక్‌పేట: రాజ్యాంగం 164(2) ప్రకారం మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని రాస్తుంటాం. అక్కడా అసలు అర్థం జవాబుదారీయే. సభ విశ్వాసం పోతే మంత్రిమండలి దిగిపోవాలి.

ప్రశ్న (అంబర్‌పేట): మరి మీడియా ఎవరికి సార్?

బర్కత్‌పుర: దాన్ని అధికారుల పక్కన ఒకే గాట కట్టొద్దు. పత్రిక ప్రభుత్వానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తే ఇక అది ప్రభుత్వాన్ని అడగలేదు. 1978 చట్టం కింద, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ పత్రికను హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. టీవీ దాని పరిధిలోకే రాదు. ఫిర్యాదు చేయాలంటే ముందు సంపాదకుడికి రాయాలి. దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోపు కౌన్సిల్‌కు వెళ్లాలి.

నల్లకుంట: అయితే వాక్యాన్ని రెండుగా విడగొట్టండి: “అధికారులు ప్రజలకు జవాబుదారులు. పత్రికలు పాఠకులకు జవాబుదారులు.” ‘వహించాలి’ కొట్టేయండి.