ఆయాసం ఉన్న తొమ్మిదేళ్ల బాబుని వారం రోజుల సమ్మర్ క్యాంప్‌కి పంపొచ్చా?

ప్రశ్న: ఆమదాలవలస నుంచి ఒక అమ్మ

అందరికీ నమస్కారం. మే నెలలో కళింగపట్నం వైపు వారం రోజుల సమ్మర్ క్యాంప్ ఉందని మా బాబు స్నేహితులంతా పేర్లు ఇచ్చేశారు. రాత్రుళ్లు కూడా అక్కడే ఉండాలి. నన్నూ పంపమని వీడు ఒకటే గొడవ. మా ఆయన సరే అంటున్నారు, అత్తయ్య వద్దే వద్దంటున్నారు. నా టెన్షన్ రెండింటికి. వాడికి ఆయాసం ఉంది, దుమ్ము తగిలినా పొగ పీల్చినా మొదలవుతుంది, ఇన్‌హేలర్ వాడతాం. రెండోది, బాగా అలిసిపోయి పడుకున్న రోజు పక్క తడిపేస్తాడు. ముందే చెబితే చేర్చుకోరేమో, చెప్పకపోతే అక్కడ ఏమవుతుందో. వాళ్లని ఏమేం అడగాలి? ఏమేం సర్ది పంపాలి?

జవాబు: రిటైర్డ్ స్టాఫ్ నర్సు, విజయనగరం

పంపొచ్చమ్మా. రిటైరయ్యాక వేసవిలో ఇలాంటి శిబిరాలకి పిల్లల ఆరోగ్యం చూసుకోడానికి వెళుతుంటాను. ఆయాసం ఉన్న పిల్లలు అందరితో సమానంగా ఆడుకోవడం చూశాను.

క్యాంప్ వాళ్లని మొట్టమొదట ఇది అడగండి: రాత్రి పిల్లల గదిలో ఎవరు పడుకుంటారు? పగలు చుట్టూ పదిమంది ఉంటారు. ఆయాసం ఎక్కువయ్యేది అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చేదీ అప్పుడే. "గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడండీ" అన్నారంటే పంపకండి. పిల్లాడు లేపితే లేచేవాళ్లు, లేచాక ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు, ఒక్కరు కాదు ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. వాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉండాలి.

వాళ్లకి అన్నీ చెప్పేయండి, కాగితం మీద రాసి మరీ ఇవ్వండి. ఫిట్స్ ఉన్న సంగతి, ఆయాసం సంగతి దాచి పిల్లల్ని దింపేసి వెళ్లిపోయే తల్లిదండ్రులు ఉంటారు. ఆ రాత్రి పిల్లాడికి ఎగపోస్తుంటే గదిలో ఉన్నవాళ్లకి అది కొత్త జబ్బు. చెప్పారని చేర్చుకోకపోతే ఆ క్యాంప్ మీ బాబుని చూసుకోలేదని ముందే తేలిపోయినట్టు, అదీ మంచికే.

మీ డాక్టరు చేత ఒక పేజీ రాయించండి. ఆయాసం వస్తే నీలం ఇన్‌హేలర్ ఎన్ని పఫ్‌లు, ఎంతసేపు ఆగి మళ్లీ ఇవ్వాలి, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అన్నీ ఉండాలి. స్పేసర్, అదే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, మర్చిపోకండి, అది లేకపోతే మందు సగం నోట్లోనే ఉండిపోతుంది. ఇన్‌హేలర్లు రెండు పంపండి. ఒకటి గదిలో పెద్దవాళ్ల దగ్గర, ఒకటి ఆటస్థలానికి వెళ్లే బ్యాగులో. ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తామంటే ఒప్పుకోకండి. రోజూ వాడే ఇన్‌హేలర్ వేరే ఉంటే, బాగానే ఉన్నాడు కదా అని అక్కడ ఆపకూడదు. మాట పూర్తి చెయ్యలేనంతగా ఎగపోస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పఫ్ ఇచ్చాక తెరిపి ఇవ్వకపోయినా వెంటనే 108. బండి వచ్చేదాకా నీలం ఇన్‌హేలర్ ఇస్తూనే ఉండాలి. ఇది కూడా ఆ పేజీలో రాయించండి.

బట్టల కన్నా ముందు దోమతెర సర్దండి. ఇలాంటి చోట్ల రాత్రికి దోమల చక్రాలు వెలిగిస్తారు, తలుపులు మూసిన గదిలో ఆ పొగ మీ బాబుకి అస్సలు పడదు. పైగా పిల్లల్ని చాలాచోట్ల కింద చాపల మీదే పడుకోబెడతారు. మన పల్లెల్లో కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, కరిచినా నొప్పి పెద్దగా తెలియదు. తెర అంచులు చాప కిందకి చుట్టూ దోపితే దోమా, పురుగూ పుట్రా భయం చాలామటుకు తగ్గుతుంది, చక్రం వెలిగించే అవసరమూ ఉండదు. మంచం ఉంటే ఇంకా మంచిది. తెల్లారేసరికి పిల్లాడు కడుపునొప్పి అన్నా, రెప్పలు వాలిపోతున్నా కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాము మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది, రాత్రి బండి ఉంటుందా అని అడగండి. తడుముకుంటే వాళ్లు సిద్ధంగా లేనట్టే.

ఇక పక్క తడపడం. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు తల్లీ, ఆ వయసులో చాలామందికి ఉంటుంది. పిల్లలు దీనికి భయపడి పగలంతా నీళ్లు తాగడం మానేస్తారు, నాకు అదే బెంగ. మే ఎండలో నీళ్లు తాగకపోతే వడదెబ్బకి దారి. పగలు బాగా తాగమనండి, పడుకునే ముందు మాత్రం తగ్గించమనండి. రాత్రి పదకొండుకి ఒకసారి లేపి బాత్‌రూముకి తీసుకెళ్లమని గదిలో ఉండేవాళ్లని అడగండి. ప్లాస్టిక్ షీటు, రెండు దుప్పట్లు, తడి బట్టలకి ఒక నల్ల కవరు పెట్టండి. మిగతా పిల్లలకి తెలియనివ్వకూడదని గట్టిగా చెప్పండి.

డబ్బు కట్టేముందు మరుగుదొడ్లు మీ కళ్లతో చూసి రండి. కంపు కొడుతుంటే పిల్లలు వెళ్లరు, బిగబట్టుకుని కడుపునొప్పి తెచ్చుకుంటారు. పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో ఆటలు వద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక లీటరుదైతే లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేసి ఇవ్వకూడదు. పొద్దున్న చోడి (రాగి) అంబలి పెట్టే క్యాంప్ అయితే ఇంకేం కావాలి.

జవాబు: టెక్కలి నుంచి ఒక నాన్న

మేడమ్ చెప్పినవన్నీ సరే. కొన్ని క్యాంపుల్లో ఫోన్లు తీసేసుకుని, ఇంటికి మాట్లాడనివ్వరు. నేనైతే రోజూ మాట్లాడనిస్తేనే పంపుతాను. ఇంకోటి, అక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది. మొగ దగ్గర లాగుడు ఎక్కువ. పిల్లల్ని నీళ్లలోకి దింపం అని మాట తీసుకోండి.

జవాబు: రిటైర్డ్ స్టాఫ్ నర్సు, విజయనగరం

నీళ్ల సంగతి బాగా గుర్తు చేశారు బాబూ. రోజూ ఫోన్ విషయంలో మాత్రం నా మాట వేరు. ఆడుకుంటున్న పిల్లాడికి సాయంత్రం అమ్మ గొంతు వినపడగానే ఏడుపు మొదలవుతుంది. మొదటి రెండు మూడు రాత్రులు బెంగ పెట్టుకోవడం మామూలే, తర్వాత సర్దుకుంటారు. "నచ్చకపోతే చెప్పు, వచ్చి తీసుకుపోతా" అని మాత్రం అనకండి, వాడు మొదటి రాత్రి నుంచీ దానికోసమే చూస్తాడు. ముందుగా అమ్మమ్మ గారింట్లో మీరు లేకుండా రెండు రాత్రులు ఉంచి చూడండి.

భయం మాత్రం వేరు. ఎవరైనా కొట్టినా, ఒంటి మీద చెయ్యి వేసినా, ఎవరికీ చెప్పొద్దని బెదిరించినా ఆ నిమిషమే ఇంటికి ఫోన్ చేసే హక్కు పిల్లాడికి ఉండాలి. మీ నంబరు కంఠతా పట్టించండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా. దానికి ఒప్పుకోని చోటికి పంపొద్దు.

ప్రశ్న అడిగిన అమ్మ

మేడమ్, చాలా థాంక్స్. ఈరోజు క్యాంప్ వాళ్లకి ఫోన్ చేశాం. గదికి ఇద్దరు టీచర్లు పడుకుంటారట. ఆయాసం సంగతి చెబితే కాగితం తెమ్మన్నారు. దోమల చక్రాలు మాత్రం వెలిగిస్తారట, ఆ గదిలో మానేయమని అడిగాను, కనుక్కుని చెబుతామన్నారు. ఆదివారం వెళ్లి బాత్‌రూములు చూసొస్తాం. అత్తయ్య కూడా వస్తానన్నారు.

జవాబు: రిటైర్డ్ స్టాఫ్ నర్సు, విజయనగరం

అత్తయ్యగారిని తప్పకుండా తీసుకెళ్లమ్మా, వంటగది ఆవిడ చూస్తారు. చక్రాల సంగతి తేలేదాకా డబ్బు కట్టకండి. బాబు తిరిగొచ్చాక తలలో పేలు, వేళ్ల సందుల్లో గజ్జి ఉన్నాయేమో చూడండి. కుక్క గానీ పిల్లి గానీ గీరిందా, కరిచిందా అని మెల్లగా అడగండి, తిడతారని పిల్లలు చెప్పరు. అలాంటిదేమైనా ఉంటే సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు టీకాకి తీసుకెళ్లండి. వచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే క్యాంప్‌కి వెళ్లొచ్చాడని డాక్టరుకి చెప్పండి.