రాయల్ ఫ్లష్ పడే అవకాశం: 6,49,740లో ఒకటా, 30,940లో ఒకటా?

గట్టుమీద చెట్టు:
ఈ సంక్రాంతికి ఊళ్లో అందరం కలిసినప్పుడు చింతపిక్కలు పందెంగా పెట్టుకుని టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ ఆట ఆడాము. మా బాబాయి చేతికి ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు వచ్చాయి. బల్ల మీద మొదట ఇస్పేటు రాణి, ఇస్పేటు జాకీ, ఆటీను రెండు తెరిచారు. నాలుగో ముక్క కళావరు ఐదు. చివరి ముక్క తిప్పేసరికి ఇస్పేటు పది! ఒకే గుర్తులో ఆసు, రాజు, రాణి, జాకీ, పది, అంటే రాయల్ ఫ్లష్! పోకర్‌లో దీన్ని మించిన హ్యాండ్ (ఐదు ముక్కల కూర్పు) లేదు కాబట్టి కాసేపు ఎవరికీ మాట రాలేదు. ఆ తర్వాత, ఇది 6,49,740 సార్లలో ఒక్కసారి పడేదని బాబాయి, కాదు 30,940లో ఒకసారని మా చెల్లెలు పట్టుబట్టారు. ఎవరి లెక్క సరైనదో దయచేసి వివరించగలరా?

లెక్కల పలక:
రెండూ సరైనవే, కాకపోతే రెండు వేర్వేరు ఆటలకు చెందిన లెక్కలు. 52 ముక్కల పేకలోంచి ఐదింటిని 25,98,960 విధాలుగా తీయవచ్చు. వాటిలో రాయల్ ఫ్లష్‌లు గుర్తుకొకటి చొప్పున నాలుగే. భాగిస్తే మీ బాబాయిగారు చెప్పిన 6,49,740 వస్తుంది. ఇది ఐదు ముక్కలు పంచి అక్కడితో ఆపేసే ఆటకు వర్తిస్తుంది.

హోల్డెమ్‌లో చేతిలోని రెండు, బల్ల మీది ఐదు కలిపి ఏడు ముక్కలుంటాయి. ఏడింటిలోంచి ఐదింటిని 21 విధాలుగా ఎంచుకోవచ్చు. ఏడు ముక్కల్లో రెండు రాయల్ ఫ్లష్‌లు ఇమడవు కాబట్టి ఒకదాన్నే రెండుసార్లు లెక్కించే ప్రమాదం లేదు. అందువల్ల అవకాశం సరిగ్గా 21 రెట్లు పెరుగుతుంది. 6,49,740ని 21తో భాగించి చూడండి, శేషం లేకుండా 30,940 వస్తుంది. ఇంత శుభ్రంగా తెగే లెక్క చూసినప్పుడల్లా నాకు ఆనందం కలుగుతుంది. అయితే మీ చెల్లెలిగారి అంకె చివరి ముక్క దాకా ఆటలో నిలిచినవారికే చెల్లుతుంది. మధ్యలో ముక్కలు పడేసేవారికి అవకాశం అంతకన్నా తక్కువ.

ఆరో ముక్క:
పై వివరణకు ఒక మాట చేరుస్తాను. ఇస్పేటు ఆసు, రాజు చేతికి వచ్చిన క్షణంలోనే మీ బాబాయిగారి అవకాశం దాదాపు 1,960లో ఒకటికి చేరింది. మొదటి మూడు ముక్కలు తెరిచాక కావలసింది ఇస్పేటు పది ఒక్కటే. కనబడని ముక్కలు 47, తెరవవలసినవి రెండు, కనుక 47లో రెండు వంతులు. నాలుగో ముక్కగా కళావరు ఐదు పడ్డాక మిగిలినది 46లో ఒకటి. అందరూ ఊపిరి బిగబట్టి చూసినది ఆ 46లో ఒకటినే తప్ప 30,940లో ఒకటిని కాదు.

గట్టుమీద చెట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎదుటివారికి కూడా రాయల్ ఫ్లష్ పడితే ఇస్పేటుదే పైచేయి అవుతుందా?

లెక్కల పలక:
కాదు, పోకర్‌లో నాలుగు గుర్తులూ సమానమే. పైగా హోల్డెమ్‌లో ఇద్దరికీ రాయల్ ఫ్లష్ ఉండాలంటే ఆ ఐదు ముక్కలూ బల్ల మీదే పడాలి; అప్పుడు చివరి వరకు నిలిచిన వారందరూ చింతపిక్కలను సమానంగా పంచుకుంటారు.