‘లో కోతిదియానో’ని తెలుగులో ఏమందాం?

ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఈ స్పానిష్ మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయానండీ. ‘కోతిదియానో’ అంటే రోజువారీ. ముందు ‘లో’ చేరితే ఆ విశేషణమే నామవాచకమై, ‘రోజూ జరిగేదంతా’ అన్న అర్థం వస్తుంది.

దీన్ని మతాధ్యయనంలోకి తెచ్చినవారిలో క్రైస్తవ దైవశాస్త్రవేత్త ఆదా మరియా ఇసాసి-దియాస్ ముఖ్యులు. 1943లో హవానాలో పుట్టి, అమెరికాలో డ్రూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. స్పానిష్‌లో ‘ముహేర్’ అంటే స్త్రీ. అందులోంచే తన ఆలోచనకు ‘ముహెరిస్తా’ అని పేరు పెట్టుకున్నారు. గ్రంథాలూ మతాధికారుల మాటలూ చదివితే మతం తెలిసిపోతుందన్న పద్ధతి ఆమెకు నచ్చలేదు. అమెరికాలోని లాటినా స్త్రీలతో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న ఆడవాళ్లతో కూర్చుని, ఎలా బతుకుతున్నారో, ఏం నమ్ముతున్నారో అడిగి, ఆ మాటలనే తన దైవశాస్త్రానికి ఆధారం చేసుకున్నారు.

దీనివల్ల ఏం మారిందో చెప్పడానికి నాకు తట్టే ఉదాహరణ ‘అల్తార్‌సీతో’, అంటే ఇంట్లో పెట్టుకునే చిన్న పూజావేదిక. చాలా మెక్సికన్-అమెరికన్ ఇళ్లలో ఓ బల్ల మీద గ్వాడలూపే మాత (మెక్సికోలో కొలిచే మేరీమాత రూపం) పటం, కొవ్వొత్తి, పోయినవాళ్ల ఫొటోలు ఉంటాయి. అక్కడ ఫాదర్‌గారితో పనిలేదు. చూసుకునేది ఎక్కువగా అమ్మమ్మో నాయనమ్మో. చర్చి రికార్డులే తిరగేసే పరిశోధకుడికి ఇది కనపడదు, కనపడినా ‘జానపద ఆచారం’ అని పక్కన పెట్టేస్తాడు. ‘లో కోతిదియానో’ నుంచి చూస్తే అసలు మతమే ఇది.

ఇక తెలుగు మాట. ‘దైనందినం’ మరీ పొడిగా ఉంది. ‘రోజువారీ’ అంటే కూలి లెక్క గుర్తొస్తోంది. నా మనసు ‘నిత్యం’ మీదికి పోతోంది. రోజూ జరిగేదీ నిత్యమే, ఎప్పటికీ ఉండేదీ నిత్యమే. మీరేమంటారు?

జవాబు: ‘నిత్యం’ అందంగా ఉంది మేడమ్, కానీ మాటను పైకి ఎత్తేస్తోంది. ఇసాసి-దియాస్ 1993 పుస్తకం పేరే ‘ఎన్ లా లూచా’, అంటే పోరాటంలో. ఇంటి అద్దె, చాలీచాలని జీతం, పరాయి భాషలో పిల్లల చదువు, అంతా దినదిన గండమే. కూలి లెక్క గుర్తొస్తోందని ‘రోజువారీ’ని వదిలేశారు. గుర్తు రానివ్వండి, ఆ మాటకు కావాల్సింది అదే కదా.

జవాబు: ఒప్పుకుంటున్నానండీ. నేను ‘నిత్యం’లో వెతికింది దేవుణ్ణి. అద్దె కట్టే చోటే వెతకమన్నారు ఇసాసి-దియాస్. వ్యాసంలో ‘రోజువారీ బతుకు’ అనే రాస్తున్నాను, మొదటిసారి వచ్చినచోట మాత్రం స్పానిష్ మాటను కూడా పక్కన ఉంచుతాను.