ప్రొరోగ్ అంటే సభను సస్పెండ్ చేయడమేనా?

నల్లగొండ గ్రూప్స్ అభ్యర్థి:
నిన్న కోచింగ్‌లో మాక్ టెస్ట్ పేపర్లు ఇచ్చారు. 'ప్రొరోగ్ అంటే ఏమిటి?' అన్న ప్రశ్నకు నేను 'సమావేశాలను ముగించడం' అని రాశాను. ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన 'సభను తాత్కాలికంగా సస్పెండ్ చేయడం' అని రాశారు. అడిగితే, '2019లో బ్రిటన్ వార్తలు చూడు, పార్లమెంట్ సస్పెండ్ అనే వచ్చింది' అన్నారు. నా బాధ రెండు మార్కుల గురించి కాదు. మన రాజ్యాంగం 85(2), 174(2) అధికరణల్లో ప్రొరోగ్ ఒక మాట, రద్దు ఇంకో మాట. సస్పెండ్ అక్కడ లేనే లేదు. మీరేమంటారు?

మిర్యాలగూడ రైతుబిడ్డ:
తమ్ముడూ, నువ్వు రాసిందే కరెక్ట్. సాగర్ ఎడమ కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వారబందీలో కొన్ని రోజులు నీళ్లు ఆపి మళ్లీ వదులుతారు. అది వాయిదా. యాసంగి కోతలకు వచ్చాక ఈ సీజన్‌కు ఇంతేనని కాలువ బంద్ చేస్తారు. అది ప్రొరోగ్. వానాకాలానికి నీళ్లు కావాలంటే మళ్లీ ఆర్డర్ రావాలి. వాయిదా వేసేది స్పీకర్, చివరికి నిరవధిక వాయిదా అయినా సరే. ప్రొరోగ్ నోటిఫికేషన్ గవర్నర్ పేరుతో వస్తుంది, కేబినెట్ సలహా మీద.

పాలమూరు లాయర్:
పోలిక బాగుంది కానీ ఒక్కచోట ఒప్పుకోను. కాలువ ఆగితే పంట ఎండుతుంది. ఇక్కడ పెండింగ్‌లో ఉన్న బిల్లు ఎండిపోదు. 107(3), 196(3) ఆ మాటే చెబుతాయి. బ్రిటన్‌లో అలా కాదు. తర్వాతి సెషన్‌కు కొనసాగించాలని ముందే నిర్ణయించుకోని బిల్లులు పోతాయి. పైగా 2019లో బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడానికి గడువు అక్టోబర్ 31. అంత టెన్షన్‌లో బోరిస్ జాన్సన్ సలహా మీద రాణి ఐదు వారాలు ప్రొరోగ్ చేశారు. చాలామంది ఎంపీలు కూర్చుంటామంటుంటే తలుపు మూసినట్టయింది. దాన్ని 'సెషన్ ముగింపు' అని మెత్తగా రాస్తే చదివేవాళ్లకు జరిగింది తెలుస్తుందా? సస్పెండ్ అనడంలో నిజముంది.

నల్లగొండ గ్రూప్స్ అభ్యర్థి:
సార్, జాన్సన్ ప్రభుత్వ ఉద్దేశం వేరు, మాట అర్థం వేరు కదా. ఆ సెప్టెంబర్ 24న అక్కడి సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. ఆ సలహా చెల్లదు, ప్రొరోగ్ ఉత్తర్వు తెచ్చినవాళ్లు ఖాళీ కాగితం పట్టుకుని సభలోకి వచ్చినట్టే అన్నారు. మర్నాడే సభ పాత సెషన్‌లోనే కూర్చుంది. సస్పెండ్ అని నేర్చుకుంటే, కోర్టు సస్పెన్షన్ ఎత్తేసింది అనుకుంటాం. కోర్టు ఎత్తేయలేదు. అసలు సెషన్ ముగియనే లేదంది. ఆ తీర్పులో ఉన్న బలమంతా అక్కడే ఉంది.

సూర్యాపేట పాత విలేకరి:
డెస్క్‌లో చాలా ఏళ్లు కూర్చున్నాను. హెడ్డింగ్‌లో ఇమిడిపోతుందని సస్పెండ్ అనే పెట్టేవాళ్లం. అది మా తప్పే.

బ్రిటన్ దాకా ఎందుకు, మన తెలంగాణ అసెంబ్లీనే చూడండి. 2021 అక్టోబర్‌లో సభ వాయిదా పడింది, ప్రొరోగ్ చేయలేదు. 2022 మార్చి 7న బడ్జెట్ సమావేశాలు గవర్నర్ ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. 176 ప్రకారం ఏటా తొలి సెషన్ మొదట్లో గవర్నర్ ప్రసంగించాలి. ఇది కొత్త సెషన్ కాదు, పాతదే నడుస్తోందని ప్రభుత్వం అంది. అప్పటి గవర్నర్ తమిళిసై బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. గొడవంతా ఒక్క ప్రొరోగ్ జరగకపోవడం మీదే! అదే రోజు ముగ్గురు బీజేపీ ఎమ్మెల్యేలను సస్పెండ్ చేశారు. ఒకే సభ, ఒకే రోజు. ప్రొరోగ్‌కూ, ఈ సస్పెన్షన్‌కూ ఒకే మాట వాడితే పాఠకుడికి ఏం అర్థమవుతుంది?

మిర్యాలగూడ రైతుబిడ్డ:
ఆర్డినెన్స్ సంగతి కూడా ఉంది సార్. సభ సెషన్‌లో ఉంటే 213 కింద ఆర్డినెన్స్ (సభ లేనప్పుడు గవర్నర్ పేరుతో తెచ్చే తాత్కాలిక చట్టం) కుదరదు. ప్రొరోగ్ అయితే ఆ దారి తెరుచుకుంటుంది. ఎప్పుడు ప్రొరోగ్ చేశారు, ఎందుకు చేశారు అని మనం గమనించాల్సింది అందుకే.

పాలమూరు లాయర్:
సరే, ఒకటి ఒప్పుకుంటాను. సస్పెండ్ అన్న మాటకు మన దగ్గర అసలు చోటు వేరే ఉంది. 2014 మార్చి 1న ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన పెట్టినప్పుడు అసెంబ్లీని సుప్తచేతనావస్థలో ఉంచారు. సభ రద్దు కాలేదు, పని మాత్రం ఆగింది. దాన్ని సస్పెండ్ అనాలి. పరీక్ష పేపర్లో నీ జవాబుకు మార్కులు వేయాల్సిందే. 2019 వార్తలో మాత్రం నేను ఆ మాటను తీసేయను.

నల్లగొండ గ్రూప్స్ అభ్యర్థి:
థాంక్స్ సార్. రేపు 174వ అధికరణ ఉన్న పేజీ మడిచి పెట్టుకుని, పేపర్ పట్టుకుని మా సార్ దగ్గరికి వెళ్తాను. మా బ్యాచ్‌లో ఇంకొంతమందికి కూడా ఇదే జవాబు కొట్టేశారు.