నెలలు నిండని బిడ్డకు సీప్యాప్ చాలా, మొదటిరోజే వెంటిలేటర్ కావాలా? చిత్తూరు, తిరుపతి వాళ్ళు చెప్పండి

పలమనేరు నాన్న
మా బంధువులమ్మాయికి మొన్న చిత్తూరులో 30 వారాలకే కాన్పయింది. బిడ్డ 1,300 గ్రాములు. ముక్కుకు గొట్టాలు పెట్టి, బిడ్డ సొంతంగా తీసే ఊపిరికి గాలి ఒత్తిడితో సాయం చేసే సీప్యాప్ మీద ఉంచినారు. వెంటిలేటర్ బాగా చూసే చోటికి మార్చేయమని నేను చెప్పినా, వాళ్ళు వినడంలేదు. నా అనుభవం రాస్తా, మీరే చెప్పండి. మూడేండ్ల కిందట మావోడు 28 వారాలకే పుట్టినాడు, 1,050 గ్రాములు. ఊపిరికి ఊపిరికి డొక్క లోపలికి పీక్కపోతా, మూలుగుతా ఉండె. ఆసుపత్రి పేరు చెప్పను. నీళ్ళ సీసాలో గొట్టం ముంచి బుడగలు తెప్పించినారు, అదే సీప్యాప్, అదే వైద్యమన్నారు. రెండు రోజులు అట్లే పెట్టి మూడోనాడు పొద్దున మావల్ల కాదన్నారు. మద్రాసుకు ఎత్తుకొని పోతే అక్కడ వెంటిలేటర్ పెట్టి బతికించినారు. అదేదో మొదటిరోజే పెట్టింటే? పేదోడి బిడ్డకు బుడగలు, డబ్బున్నోడి బిడ్డకు వెంటిలేటర్. కాదనేవాళ్ళు ముందుకు రండి.

నైట్ డ్యూటీ అక్క
అన్నా, నేను తిరుపతిలో పసిపిల్లల వార్డులో 14 ఏళ్ళుగా నర్సును. మీ మాట విని ఆ ఇంటివాళ్ళు బిడ్డను కదిలిస్తారేమోనని భయమేసి రాస్తున్నాను. ఆ సీసాను అంత తేలిగ్గా తీసేయకండి. నెలలు నిండని బిడ్డకు ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలినంత ఉండదు. అది లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలి తిత్తులు అతుక్కుపోతాయి. కొత్త బెలూన్ మొదటిసారి ఊదడానికి ఎంత కష్టమో, ఆ బిడ్డకు ప్రతి ఊపిరీ అంత కష్టం. గొట్టాన్ని నీళ్ళలో 5 సెంటీమీటర్లు ముంచితే ఆ మేరకు ఒత్తిడి లోపల నిలబడి, తిత్తులు మూసుకోకుండా ఉంటాయి. 6 కావాలంటే 6 ముంచుతాం. సీసా మీద గీతలు ఉండేది అందుకే.

ఇక డబ్బు మాట. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఐదున్నర వారాలు ముందుగా కొడుకు పుట్టాడు. ఇదే జబ్బుతో 39 గంటలకు పోయాడు. అధ్యక్షుడి డబ్బు కూడా పనిచేయలేదు. గ్రెగరీ అనే డాక్టరూ ఆయనతో పనిచేసినవాళ్ళూ ఈ ఒత్తిడి పద్ధతిని ప్రకటించింది 1971లో. ఇది పేదల కోసం కనిపెట్టిన నాసిరకం వైద్యం కాదు.

పుత్తూరు అమ్మ
మా పాప 31 వారాలు. సీప్యాప్ మీదే తేరుకుంది. ఇప్పుడు ఎల్‌కేజీ.

పలమనేరు నాన్న
మీ పాప 31, మావోడు 28. రెండూ ఒకటి కాదమ్మా.

పిల్లల పీజీ
28 వారాల సంగతే చూద్దాం. 2008లో కాయిన్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. 25 నుంచి 28 వారాల మధ్య పుట్టి, సొంతంగా ఊపిరి తీసుకుంటూ సాయం అవసరమైన 610 మంది పిల్లలు. కొందరికి పుట్టగానే సీప్యాప్, కొందరికి గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్. గర్భం మొదలైనప్పటినుంచి లెక్కిస్తే 36 వారాలు వచ్చేసరికి చనిపోయినవాళ్ళు, ఇంకా ఆక్సిజన్ కావలసినవాళ్ళు కలిపి సీప్యాప్ వైపు 33.9 శాతం, వెంటిలేటర్ వైపు 38.9. 2010లో సపోర్ట్ పరిశోధన, 1,316 మంది: సీప్యాప్ వైపు 47.8, వెంటిలేటర్ వైపు 51. ముందే వెంటిలేటర్ వేస్తే మేలు జరిగినట్టు రెండిట్లోనూ కనబడలేదు.

చంద్రగిరి లెక్కల మాస్టారు
కాయిన్‌లో ఆ 5 శాతం తేడా గాలివాటంగానైనా వచ్చి ఉండవచ్చు, గణాంకాల పరీక్షకు నిలవలేదు. అది రాయలేదు మీరు. ఊపిరితిత్తి చిట్లి ఛాతీలోకి గాలి చేరడం సీప్యాప్ వైపు 9 శాతం, వెంటిలేటర్ వైపు 3. అదీ రాయలేదు.

పిల్లల పీజీ
అందులో సీప్యాప్ ఒత్తిడి 8 సెంటీమీటర్లతో మొదలుపెట్టారు సార్. మా దగ్గర 5, 6తో మొదలుపెడతాం.

చంద్రగిరి లెక్కల మాస్టారు
అయితే ఆ పరిశోధన మీ వార్డుకు వర్తించదన్నమాట. 8తో వచ్చిన మేలు మీది, కీడు మాత్రం మీది కాదంటే లెక్క కుదరదు.

పలమనేరు నాన్న
మాస్టారు అడిగింది సరిగ్గా ఉండాది. నేను కూడా వెతికి చదివినా. ఆ సీప్యాప్ పిల్లల్లో 46 శాతం మందికి తర్వాత గొట్టం వెయ్యాల్సే వచ్చింది. దాదాపు సగం మంది! ఆ మాత్రానికి ముందే వేస్తే పోయేదేముంది?

నైట్ డ్యూటీ అక్క
మిగతా 54 మందికి అక్కర్లేని గొట్టం వేసినట్టవుతుంది, పోయేది అదే. వెంటిలేటర్ నెట్టే గాలికి, ఎక్కువ ఆక్సిజన్‌కు లేత ఊపిరితిత్తులు దెబ్బతింటాయని 1967 నుంచీ తెలుసు. బీపీడీ అని దానికి పేరు పెట్టింది అప్పుడే. మీవాడికి ఇప్పుడు ఎలా ఉంది? జలుబు చేస్తే పిల్లికూతలు వస్తాయా? నెబులైజర్ ఇంట్లోనే ఉందా?

పలమనేరు నాన్న
ఉండాది. చలికాలమంతా పెడతానే ఉండాము. అయితే ఏమంటావు? మద్రాసోళ్ళు మావోడిని చెడగొట్టినారంటావా? ఆ మిషను లేకుంటే నా కొడుకు ఈపొద్దు లేడు. 19 దినాలు దాని మీద ఉన్నాడు. నువ్వు వార్డులో కూర్చుని మాట్లాడతాండావు, నేను ఆసుపత్రి మెట్ల మీద పండుకొని మాట్లాడతాండా.

నైట్ డ్యూటీ అక్క
కూర్చుని? 14 ఏళ్ళలో రాత్రిపూట కూర్చున్నది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక రాత్రి తొమ్మిది మంది పిల్లలను నేనొక్కదాన్నే చూశాను. సీప్యాప్ మీద ముగ్గురు. ఒకరికి మాస్కు సర్దేలోపు ఇంకొకరి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, పడిపోతుంది. ముక్కు నొక్కుకుపోయి ఎర్రబడిందేమో చూడాలి, నీళ్ళు తగ్గాయేమో చూడాలి, పాలు పట్టాలి. మీరు వెంటిలేటర్, వెంటిలేటర్ అంటున్నారు. దాని పక్కన ఇంకా ఎక్కువమంది మనుషులు ఉండాలి, వాళ్ళను ఎక్కడినుంచి తెస్తారు?

శ్రీకాళహస్తి
ఇద్దరూ కాస్త ఆగండి. అన్నా, కంటి పరీక్ష చేయించినారా? ఆక్సిజన్ ఎక్కువైతే రెటీనా దెబ్బతింటుంది. చిత్తూరు బిడ్డకు కూడా చెప్పండి, పుట్టిన నెలలోపు చూపించాల.

పలమనేరు నాన్న
చేయించినాం తల్లీ. కండ్లు బాగుండాయి.

అక్కా, నేను కోపంలో రాసినా. ఇప్పుడు ఇంకోటి రాస్తా, మా ఆవిడకు తప్ప ఎవురికీ చెప్పలేదు. రెండోరాత్రి రెండు గంటలప్పుడు నేను అద్దంలోంచి చూస్తా ఉన్నా. సీసాలో బుడగలు ఆగిపోయినాయి. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. బిడ్డ నెమ్మదిగా నిద్రపోతాండాడు గామోలు, అందుకే బుడగలు తగ్గినాయి అనుకున్నా. మంచికే అనుకున్నా. ఎంతసేపు చూసినానో తెలీదు. తర్వాత నర్సమ్మ వచ్చి, ఉలిక్కిపడి, ముక్కు దగ్గర గొట్టం సరిచేసింది. మళ్ళా బుడగలు వచ్చినాయి. ఆగితే పిలవాల అని నాకు ఒక్కరూ చెప్పలేదు. మా ఆవిడను లోపలికే రానీలేదు, ఇన్‌ఫెక్షన్ అని. మీ 5 సెంటీమీటర్లు, 8 సెంటీమీటర్లు చదివినాక ఈపొద్దు తెలిసింది, ఆ నీళ్ళు కదలనంతసేపూ వాడికి సాయం అందలేదని.

చంద్రగిరి లెక్కల మాస్టారు
నాయనా, ఆ పరిశోధనలు జరిగిన ఆసుపత్రుల్లో ఒక్కో నర్సు చేతిలో ఎంతమంది పిల్లలున్నారన్నది నేను అడగాల్సిన ప్రశ్న. సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయాను.

నైట్ డ్యూటీ అక్క
అన్నా, గొట్టం జారినా ఆగుతాయి, బిడ్డ నోరు తెరిచినా ఆగుతాయి. ఒక్కోసారి అరనిమిషంలో చూస్తాం, ఒక్కోసారి చూడం. మావాడికి మందులో మిషనో తక్కువైందని మీరన్నంతసేపూ నేను వాదించాను. మనిషి తక్కువయ్యారంటే వాదించలేను. మీ తప్పు ఇసుమంత లేదు. మీకు చెప్పి ఉండాల్సింది.

శ్రీకాళహస్తి
తల్లిని రానీకపోవడం గురించి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన వచ్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. కిలో నుంచి 1.8 కిలోలలోపు పిల్లలను పుట్టిన కొద్దిసేపటినుంచే తల్లి ఎద మీద ఉంచారు, తల్లి మంచం ఆ వార్డులోనే వేశారు. 28 రోజుల్లో మరణాలు 12 శాతం. బిడ్డ కుదుటపడ్డాకే తల్లికిచ్చిన పాత పద్ధతిలో 15.7. ఇన్‌ఫెక్షన్ అని తల్లిని బయట నిలబెట్టేవాళ్ళు ఇది చూడాల.

పిల్లల పీజీ
మా దగ్గర అన్ని మంచాలకు చోటు లేదు మేడమ్. నమ్మకం లేక కాదు.

పలమనేరు నాన్న
రేపు చిత్తూరుకు పోతాండా. ఆ అమ్మాయికి ఏం చెప్పాల అక్కా?

నైట్ డ్యూటీ అక్క
బిడ్డ నిలకడగా ఉంటే కదిలించొద్దని చెప్పండి. తిరుపతికే 70 కిలోమీటర్లు, దారిలో ఒళ్ళు చల్లబడితే అదొక్కటి చాలు. ఆక్సిజన్ శాతం పెరుగుతూ పోతుంటే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అప్పుడు వెంటిలేటర్ సంగతి డాక్టరును అడగమనండి, ఆలస్యం చేయొద్దు. సీసా కనబడేచోట నిలబడమనండి. బుడగలు ఆగితే గట్టిగా పిలవమనండి, ఎవరేమనుకున్నా సరే.

పలమనేరు నాన్న
పోయొచ్చినా. 6 సెంటీమీటర్లు, ఆక్సిజన్ 30 శాతం. నిన్న 40 ఉండెనంట. మార్చమని నేను చెప్పలేదు. సీసా చూపించి తల్లికి, అవ్వకు ఇద్దరికీ చెప్పినా. తల్లిని పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట రానిస్తాండారు. మిగతా 22 గంటలు ఎందుకు రానీరని అడిగితే పెద్ద డాక్టరు సోమవారం వస్తారన్నారు. సోమవారం పోతా. శ్రీకాళహస్తి తల్లీ, ఆ పరిశోధన సంగతి తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టు. చేతిలో పట్టుకొని పోతా.