మంగళగిరి ఎలాంటి ఊరండీ? అమ్మానాన్నలకి సరిపోద్దా?

వన్‌టౌన్_వాసి:
నమస్తే అందరికీ. మాది బెజవాడ వన్‌టౌన్. నాన్నగారు ఈమధ్యే రిటైర్ అయ్యారు, ఈ ఇరుకు సందులు, ఎండాకాలం కొండరాళ్ళ వేడి ఇంక నావల్ల కాదురా అంటున్నారు, పొద్దున్నే నడుచుకోడానికి నాలుగు చెట్లుంటే చాలంట. మంగళగిరిలో అద్దెకి చూద్దామనుకుంటున్నా. ఇన్నేళ్ళల్లో గుంటూరు వెళ్తూ బస్సు కిటికీలోంచి గాలిగోపురం చూడ్డమే గానీ ఒక్కసారీ దిగలేదు. అసలది ఊరేనా, రెండు ఊళ్ళ మధ్య స్టాపా? పార్కులవీ ఉన్నాయా? అక్కడోళ్ళు చెప్పండి ప్లీజ్.

పడుగుపేక:
స్టాప్ అంటే మనసు చివుక్కుమంది అన్నా, ఏమనుకోకు. మాది మంగళగిరిలోనే రత్నాల చెరువు ఏరియా. మా తాతయ్య గుంటమగ్గం మీద కాళ్ళు గుంటలో పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేచేవాడు, నిద్దర్లో కూడా ఆ టకటక వినపడేది మాకు, ఆగిపోతే మెలకువొచ్చేది. మా ఊరి చీరకి ఒంటి మీద పెద్ద డిజైన్ ఏం ఉండదు, సాదా నూలు, అంచుకి జరీ, నిజాం బార్డర్ అయితే చిన్న చిన్న గోపురాల్లాంటి మొనలు వరసగా వస్తాయి. దగ్గర పెట్టుకుని చూడు, ఆ మొనలన్నీ ఒక్క ఎత్తులో ఉంటాయి, అది చేతి పని! ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇప్పుడు మగ్గాలు బాగా తగ్గాయి, మా ఇంట్లోదీ తీసేశాం, అది తల్చుకుంటే బాధే. కానీ కొన్ని వీధుల్లో ఇంకా వినిపిస్తది, మీ నాన్నగార్ని ఓసారి పొద్దున్నే అటు నడవమను.

కొండవీటి_రాళ్ళు:
గుంటూరు నుంచి రాస్తున్నా. గాలిగోపురం మాటొచ్చింది కాబట్టి... అది కింద లక్ష్మీనరసింహస్వామి గుడిది, 1807-09లో అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించింది, 11 అంతస్తులు, 153 అడుగులు, అడుగున వెడల్పు మాత్రం 49 అడుగులే, అందుకే దగ్గరికెళ్ళి తలెత్తితే అంత సన్నగా నిటారుగా అనిపిస్తది. దానికి ముందే ఊరుంది. శ్రీకృష్ణదేవరాయల సైన్యం 1515లో కొండవీడు కోట గెలిచిన సంగతి మంగళగిరి శాసనంలో రాతి మీద ఉంది. కొండ మీద పానకాల స్వామికి శంఖంతో పానకం పోస్తుంటే గుటకల చప్పుడు వినపడతదంటారండీ, సగం స్వామికి, మిగతా సగం మనకి ప్రసాదం. అంత బెల్లం ఒలికినా చీమ కనపడదంటారు. మధ్యాహ్నం 3 కల్లా గుడి మూసేస్తారు, రాత్రి దేవతలు వస్తారని నమ్మకం, కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు వేయించినవి. మోకాళ్ళ నొప్పులుంటే ఘాట్ రోడ్డు ఉంది.

సీతానగరం_గట్టు:
పార్కుల గురించి ఎవరూ చెప్పట్లేదు కదా నేను చెప్తా. కొండ దగ్గర ఎకో పార్క్ ఉంది, అడవి శాఖ వాళ్ళది, నడవడానికి బాగుంటది. కానీ పార్కు అంటే గేటు, టికెట్టు ఉన్నదే కాదు బ్రదర్, ఆ కొండే మా పార్కు, దూరం నుంచి చూస్తే పడుకున్న ఏనుగులా ఉంటది, వానలు పడ్డాక పచ్చగా ఉంటది చూడు! ఇటు మా తాడేపల్లి వైపు ఉండవల్లి గుహలు, నాలుగంతస్తులు కొండలోనే తొలిచారు, లోపల పవళించిన అనంతపద్మనాభస్వామి. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ గట్టున సాయంత్రం గాలికి ఎన్ని గంటలైనా కూర్చోవచ్చు. 2021లో రెండూ కలిపి మంగళగిరి తాడేపల్లి కార్పొరేషన్ చేశారు. పెద్దవాళ్ళకి ఎయిమ్స్ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది, అది పెద్ద ధీమా. హైవే సర్వీస్ రోడ్డు పక్కన మాత్రం ఇల్లు తీసుకోవద్దు, లారీల హోరుకి నిద్ర పట్టదు.

వన్‌టౌన్_వాసి:
అందరికీ చాలా థాంక్స్ అండి. పడుగుపేక బ్రో, స్టాప్ అన్నందుకు సారీ, నిజంగా తెలీక అడిగా. నిన్న నాన్నగార్ని తీసుకెళ్ళా, పానకం తాగి, కింద మగ్గం చప్పుడు వినపడితే ఆ ఇంటి అరుగు మీద కూర్చుండిపోయారు, ఎంత పిలిచినా లేవలా. అమ్మకి ఒక నిజాం బార్డర్ చీర తీసుకున్నాం. రత్నాల చెరువు వైపు రెండు గదుల ఇల్లు, కింది పోర్షన్, ఖాళీగా ఉంటే చెప్పండి.