పంప్ ఎక్కడ ఉండాలి? బాగ్ ఫిల్టర్ రాళ్లన్నీ తీసి కడగాలా?

కలువమొగ్గ:
అందరికీ నమస్కారం. పెరట్లో చేపల కుంట కట్టి రెండేళ్లు దాటింది. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, సగటున రెండున్నర అడుగుల లోతు, అంటే దాదాపు 4,200 లీటర్లు. పక్కనే గట్టు మీద 4 అడుగులకు 3 అడుగుల బాగ్ ఫిల్టర్ ఉంది, అంటే పంప్ తోడిన నీళ్లు రాళ్ల కింది నుంచి పైకి వడకట్టుకుంటూ వచ్చి తిరిగి కుంటలో పడే మొక్కల మడి. అడుగు మందాన గులకరాళ్లు, కింద రంధ్రాల పైపులు, పైన మెట్టతామర, చేమ. పంప్ గంటకు 4,000 లీటర్లది. చేపలు 11 గోల్డ్‌ఫిష్.

మొదటి ఏడాదంతా నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే అడుగున పడ్డ ఆకు ఈనెలు కూడా కనబడేవి. ఇప్పుడేమో మడిలో ఒక మూల నుంచే నీళ్లు పొంగుతున్నాయి, మిగతా చోట కదలికే లేదు, అక్కడ రాళ్లలోకి వేలు దించితే నల్లటి జిగురు, కుళ్లిన గుడ్డు వాసన. పంప్ పది రోజులకోసారి పూడుకుపోతోంది. అది కుంటలో అన్నిటికన్నా లోతైన చోట నేల మీదే ఉంది, మడి నుంచి నీళ్లు తిరిగొచ్చి పడేది కూడా సరిగ్గా దాని పైనే, పైపు తక్కువ పడుతుందని అలా పెట్టాం. మొన్న 7 గంటలు కరెంటు పోయింది, అప్పటి నుంచి తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. పంప్ చోటు మార్చాలా? రాళ్లన్నీ బయటికి తీసి కడిగేయాలా?

గులకరాయి:
రాళ్లు కడగడం మాత్రం వద్దండి, దయచేసి ఆగండి. ముందు చేపల సంగతి చూడండి. ఎయిర్ పంప్ ఉంటే ఇప్పుడే పెట్టి రాత్రంతా నడవనివ్వండి, రెండు మూడు రోజులు మేత ఆపేయండి, నీళ్లలో ఐదో వంతు మార్చండి. పోసేది కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు వేసే పోయండి. అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ చేయండి, రెండూ సున్నా ఉండాలి.

తెల్లవారుజామునే ఎందుకంటే, రాత్రంతా మొక్కలు, నాచు కూడా చేపలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటాయి, ఎండ వచ్చేదాకా తిరిగి ఇవ్వవు. దానికి తోడు ఎండాకాలం నీళ్లలో పట్టే ఆక్సిజనే తక్కువ, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పడితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. మీ మడిలో బురద కుళ్లుతూ ఆ కాస్తా లాగేస్తోంది.

రాళ్లకు అంటుకుని ఉండే బ్యాక్టీరియానే మీ అసలు ఫిల్టర్. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది మొక్కలు తీసుకుంటాయి. వీటికి ఆక్సిజన్ కావాలి, క్లోరిన్ పడదు. రాళ్లన్నీ ఒకేసారి కుళాయి నీళ్లతో కడిగితే మళ్లీ మొదటి నుంచి మొదలు, బ్యాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది, అంతదాకా చేపలు అమ్మోనియాలోనే బతకాలి.

ఒక సందేహం: చేమ మొక్కలు మట్టితోనే నాటారా?

పెరటితామర:
పంప్ విషయం నేను చెబుతాను. మడి నుంచి నీళ్లు ఏ మూల పడుతున్నాయో దానికి ఎదురు మూలలో పంప్ ఉండాలి. మీ దగ్గర శుభ్రమైన నీళ్లు పడీ పడగానే పంప్ వాటినే మళ్లీ లాగేసుకుంటోంది, అంటే అవే నీళ్లు అక్కడక్కడే తిరుగుతున్నాయి, అవతలి సగం కుంట నిలవ నీరే. చిటికెడు మేత ఆ మూల నీళ్ల మీద చల్లి చూడండి, ఎటూ కదలకుండా అక్కడే తేలుతూ ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

రెండోది ఎత్తు. నేల మీద పెడితే బురదంతా పంప్‌లోకి, అక్కడి నుంచి రాళ్లలోకి పోతుంది. పంప్ నేల మీద ఉంటేనే బురద బయటికి పోతుంది కదా అంటారు కొందరు, నేను ఒప్పుకోను. పోయేది బయటికి కాదు, మీ మడి అడుగుకే. బాగ్ ఫిల్టర్ నీళ్లలో కరిగినవాటికీ, సన్నటి మడ్డికీ బాగా పనిచేస్తుంది. ఆకులు, చేపల పెంటలాంటివి వలతో మనం తీయాల్సిందే. రెండు ఇటుకలేసి 6 నుంచి 8 అంగుళాలు పైకి లేపండి, చుట్టూ రంధ్రాల బుట్ట, దానిలో ముతక స్పాంజి.

ఎత్తు గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా కారణం నాకుంది. ఒక రాత్రి నా కుంట బయటి పైపు జాయింట్ ఊడింది, పంప్ నీళ్లన్నీ పెరట్లోకి తోడేసింది. పొద్దున లేచి చూస్తే పంప్ గాలి పీలుస్తూ గరగరమంటోంది, కింద 8 అంగుళాల నీళ్లు మిగిలాయి, చేపలన్నీ వాటిలో ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ ఉన్నాయి కానీ ఒక్కటీ చావలేదు. పంప్ నేల మీద ఉండి ఉంటే ఏమయ్యేదో నేను తలచుకోలేను.

దూరం జరిపితే పైపు పెరుగుతుంది కాబట్టి 1 అంగుళం పైపు వాడకండి, ఒకటిన్నర అంగుళం వేయండి, ఎల్బోలు ఎంత తక్కువైతే అంత మేలు. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీయండి, ఆ లైనుకు ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసుకోండి, పంప్‌ను ఎప్పుడూ వైరు పట్టుకుని లాగకండి.

కలువమొగ్గ:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. అమ్మోనియా 0.5, నైట్రైట్ కొద్దిగా ఉంది. ఎయిర్ పంప్ పెట్టాను. చేమ కుండీలోంచి తీసి మట్టి గడ్డతోనే నాటాం, వాసన వచ్చేది కూడా సరిగ్గా ఆ వైపే. పైపుల చివర్లు రాళ్ల పైకి లేచి మూతలతో ఉన్నాయి, కట్టినాయన ఎందుకు పెట్టాడో చెప్పలేదు, ఇంతవరకు తెరవలేదు.

గులకరాయి:
ఆ మూతలు ఈ పని కోసమేనండి! మెయిన్ పంప్ నడుస్తుండగా ఒక్క మూత తీసి, దానికి గొట్టం తగిలించి, చివర మొక్కల పాదుల్లోకి వదలండి. నీళ్లన్నీ ఆ దారినే పోతూ పైపులో పేరుకున్నది తోసుకొస్తాయి. నల్లగా మొదలై తేటపడ్డాక మూత పెట్టి రెండోది తీయండి. పంప్ నిమిషానికి 60 లీటర్ల పైనే తోడుతుంది కాబట్టి కుంట మట్టం మీద ఒక కన్నేసి ఉంచండి. ఇక నుంచి రెండు నెలలకోసారి చేస్తే చాలు.

మట్టి గడ్డ ఉన్న చేమను మాత్రం పీకి, వేళ్లు పూర్తిగా కడిగి, ఉత్త రాళ్లలోనే నాటండి. ఆ చుట్టుపక్కల రాళ్లు, అంటే మడిలో నాలుగో వంతు, కుంట నీళ్లు పట్టిన బకెట్‌లో జాడించి, ఆ మురికి బయట పారబోయండి. మిగతాది ముట్టుకోకండి, నెల ఆగి అవసరమైతే ఇంకో భాగం. ఏడాదికోసారి మెట్టతామర దుంపలు పలచన చేయండి, వాటి వేళ్లు పైపు రంధ్రాల్లోకి దూరి ఒక వైపు నీళ్లు రాకుండా చేస్తాయి.

కరెంటు గంటల తరబడి పోయినప్పుడు ఒక జాగ్రత్త. రాళ్ల మధ్య నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి వాసన వచ్చే ఆ విషవాయువు పుడుతుంది, పంప్ వేయగానే అదంతా చేపల మీదికి వస్తుంది. మొన్న మీకు జరిగింది ఇదేననుకుంటున్నా. మీ మడి కొలతకు రాళ్ల మధ్య నిలిచేది సుమారు 130 లీటర్లు, కాబట్టి మళ్లీ వేసినప్పుడు మొదటి మూడు నిమిషాల నీళ్లు బయటికి మళ్లించండి.

పెరటితామర:
ఇంకోటి, నీళ్లు పడే చోట 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి గోడ మీద రాసుకోండి. గంటకు 4,000 అంటే 18 సెకన్లు, మడి ఎత్తు వల్ల 22, 23 వచ్చినా ఫర్వాలేదు. ఆ అంకె పెరుగుతూ పోతుంటే, వాసన రాకముందే మీకు తెలిసిపోతుంది.

కలువమొగ్గ:
నిన్న ఆదివారం అంతా ఇదే పని. ముందు బకెట్ పెట్టి చూస్తే 41 సెకన్లు. పంప్ విప్పితే లోపల తిరిగే చక్రానికి వెంట్రుకల్లాంటి వేళ్లు చుట్టుకుని, మధ్యలో చిన్న నత్తగుల్ల ఇరుక్కుని ఉంది. మొదటి మూత తీయగానే సిరాలాంటి నీళ్లు, తేటపడడానికి నాలుగు నిమిషాలు పట్టింది, రెండో దాన్లో వేళ్ల ముద్ద ఒకటి జానెడు పొడవున బయటికొచ్చింది. పంప్ ఎదురు మూలకు, ఇటుకల మీదికి మారింది, కొత్త పైపు వేశాం. సాయంత్రానికి 23 సెకన్లు, మడిలో మూడు వైపులా నీళ్లు ఊరుతున్నాయి, చేమ వైపు ఇంకా కొంచెం మందమే. ఈ రోజు ఐదింటికి టార్చ్ వేసుకుని వెళ్లి చూశాను, ఒక్క చేప కూడా పైన లేదు. అమ్మోనియా 0.25. మేత ఎల్లుండి నుంచి మొదలుపెట్టొచ్చా?

గులకరాయి:
అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి రెండు రోజులు అలాగే నిలిస్తే పెట్టండి, అదీ రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే. ఎయిర్ పంప్ మాత్రం ఇంకో రెండు వారాలు తీయకండి.